ఈత క్లాసు కంటే ముందు బట్టలు మార్చుకునే గది సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

రథసప్తమి రద్దీ తగ్గాక మూడు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలను వారానికి ఒకరోజు ఈతకు తీసుకెళ్తామని పోయిన పేరెంట్స్ మీటింగులో చెప్పాను. ఫీజు గురించి ఎవరూ పెద్దగా అడగలేదు, బస్సు గురించి కూడా అడగలేదు. మీటింగు అయ్యాక మాత్రం కొందరు తల్లులు నా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది ఒకటే మాట: "మేడమ్, అక్కడ పిల్లలు బట్టలు ఎక్కడ మార్చుకుంటారు?"

గొంతు తగ్గించాల్సిన పని లేదమ్మా. ఈ నెల వార్తాలేఖ మొత్తం దాని గురించే రాస్తున్నా. సైన్స్ ఫెయిర్ ఫోటోలు, ముగ్గుల పోటీ ఫలితాలు వచ్చే నెల చూద్దాం.

అసలు ఈత ఎందుకు అని అడిగినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తా. మన తాతల కాలంలో నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి బావిలోకి తోసేవాళ్ళు, నాలుగు రోజులు తిరిగేసరికి ఈత వచ్చేసేది. ఇప్పుడు ఆ బావులు సగం ఎండిపోయాయి, సగం చెత్తతో పూడిపోయాయి, పిల్లలకు ఈత రావడం లేదు కానీ నీళ్ళంటే సరదా మాత్రం అట్లాగే ఉంది. వానలు బాగా పడిన ఏడాది స్వర్ణముఖి నదిలో ఇసుక తవ్విన గుంతలు నిండితే పైనుంచి చూసేవాడికి మోకాలి లోతే అనిపిస్తుంది, దిగాక తెలుస్తుంది. సెలవులొస్తే చెరువులకూ గుంతలకూ వెళ్ళిన పిల్లల వార్తలు పేపర్లో మనమే చదువుతున్నాం. బడి వయసులోనే ఈతా నీళ్ళ దగ్గర జాగ్రత్తలూ నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది, ఐక్యరాజ్య సమితి 2021లో జూలై 25ను నీట మునిగే ప్రమాదాల నివారణ దినంగా పెట్టింది కూడా ఇందుకే. కాబట్టి ఈత నేర్పడం మానేది లేదు. బట్టలు మార్చుకునే చోటు సరిగ్గా లేకుండా నేర్పేదీ లేదు.

ఒప్పందం చేసుకునే ముందు మన ఊళ్ళోనూ చుట్టుపక్కలా డబ్బులు కట్టి ఎవరైనా వెళ్ళగలిగే ఈత కొలనులు కొన్ని చూశాం. ఆడపిల్లల వైపు నేనూ సైన్స్ టీచరూ, మగపిల్లల వైపు పీఈటీ సారూ. పేర్లు రాయను, ఎందుకంటే ఇది ఒక్కరి తప్పు కాదు, దాదాపు అన్నిచోట్లా అదే తంతు. కొలను మాత్రం నీలం టైల్స్‌తో తళతళా మెరుస్తుంటుంది, బోర్డు మీద రూల్స్ అన్నీ ఉంటాయి, స్నానాల గదికి వచ్చేసరికి మిగిలిన సిమెంటుతో కట్టినట్టు ఉంటుంది. ఒకచోట ఒక చిన్నపిల్ల గడియ ఊడిపోయిన తలుపును బయటినుంచి రెండు చేతులతో లాగి పట్టుకుని నిలబడి ఉంది, లోపలినుంచి వాళ్ళక్క "వదలద్దే, వదలద్దే" అని అరుస్తోంది. ఇంకోచోట గడియలు బాగానే ఉన్నాయి కానీ వెంటిలేటర్‌కు అద్దం లేదు, దాని అవతలే స్కూటర్లు పెట్టే స్థలం. మరోచోట షవర్లన్నీ వరసగా ఒకే గోడకు ఉన్నాయి, మధ్యలో అడ్డం లేదు, తలుపు తెరిస్తే కొలను గట్టు మీద కూర్చున్నవాళ్ళకు మొత్తం కనిపిస్తుంది.

ఇదంతా ఆడపిల్లల వైపు. మగపిల్లల వైపు చాలాచోట్ల తలుపులే లేవు. ఎందుకు లేవని పీఈటీ సార్ అడిగితే "మగపిల్లలకు తలుపులెందుకు సార్" అన్నాడట అక్కడి మేనేజరు, నవ్వుతూ.

మన బడిలోనే చదివే ఒక అబ్బాయి పోయిన వేసవిలో ఒక సమ్మర్ క్యాంపులో ఈతకు వెళ్ళాడు. అందరూ ఒకే గదిలో బట్టలు మార్చుకోవాలి, పక్కనే రోజూ వచ్చే పెద్దవాళ్ళూ ఉంటారు. వీడు కొంచెం లావు. మొదటిరోజు తోటి పిల్లలు ఏదో అన్నారు, వీడు ఇంట్లో చెప్పలేదు. రెండోరోజు నుంచి తడి కాస్ట్యూమ్ మీదే ప్యాంటూ షర్టూ వేసుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. బస్సు సీటు తడిసిందని డ్రైవర్ తిట్టాడు, తొడల మధ్య ఒరుసుకుపోయి దద్దుర్లు వచ్చాయి, మందు రాయడానికి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తే అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ అబ్బాయికి ఇప్పుడు ఈత అంటేనే వద్దు. మగపిల్లలకు సిగ్గు ఉండదని మనకెవరు చెప్పారో నాకు తెలియదు. లావు, సన్నం, ఆపరేషన్ మచ్చ, జంధ్యం, మొలతాడు, ఏది దొరికినా ఆటపట్టించే వయసు అది. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012లో వచ్చినప్పుడే పద్దెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లా మగపిల్లాడూ అని తేడా లేకుండా రాశారు, ఒక తలుపు పెట్టడానికి మనకెందుకు ఆ తేడా?

"ఇవన్నీ పెద్ద సిటీ పోకడలు మేడమ్, మనవాళ్ళు పుష్కరిణిలో అందరి ముందూ మునగడం లేదా" అని ఒక నాన్నగారు అన్నారు. మునుగుతాం, నిజమే. పంచమి తీర్థం రోజు తిరుచానూరులో ఎంతమంది మునుగుతారో మీకు చెప్పాలా? కానీ బట్టలతోనే మునుగుతాం కదండీ. బయటికొచ్చాక ఆడవాళ్ళు ఇద్దరు చీర అడ్డం పట్టుకుంటే మధ్యలో మూడో ఆమె తడి బట్టలు మార్చుకుంటుంది, పక్కనున్న మగవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ముఖం అటు తిప్పుకుంటారు. కపిలతీర్థం దగ్గరా అంతే. అంత జనంలో కూడా ఆ మరుగు మనవాళ్ళు ఎప్పుడూ వదులుకోలేదు. డబ్బు తీసుకుని నడిపేచోట ఒక తలుపూ ఒక గడియా అడగడం పోకడ ఎట్లా అవుతుంది?

ఇప్పుడు రెండో సంగతి, ఇక్కడ మాత్రం మీలో చాలామందితో నేను ఒప్పుకోను. "ఎట్లాగూ నీళ్ళలోకే దిగుతారు, ముందు షవర్ ఎందుకు, ఆ గదిలోకి వెళ్ళే పనే తప్పుతుంది కదా" అంటున్నారు. తప్పదు. దిగే ముందు స్నానం చేయాల్సిందే. కొలను దగ్గర గుప్పున వాసన కొడితే బాగా క్లోరిన్ వేశారు, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి అనుకుంటాం, నిజానికి అది తిరగబడిన లెక్క. నీళ్ళలోని క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిస్తే క్లోరమైన్లు తయారవుతాయి, ఆ ఘాటు వాటిది. కళ్ళు ఎర్రబడేదీ, కొందరికి దగ్గు వచ్చేదీ వాటివల్లే. తలనూనె, చెమట, పౌడరు, ఇవన్నీ పిల్లలు నీళ్ళలోకి మోసుకెళ్తే వాటితో కలిసే క్లోరిన్ ఖర్చైపోతుంది, క్రిముల్ని చంపడానికి మిగిలేది తగ్గిపోతుంది. ఒక్క నిమిషం ఒళ్ళంతా తడిసేలా షవర్ కింద నిలబడితే ఒంటి మురికి చాలావరకు పోతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఒక్క నిమిషమే.

ఐస్‌లాండ్‌లో అయితే ఒంటిమీద నూలుపోగు లేకుండా సబ్బుతో స్నానం చేశాకే కొలనులోకి పంపుతారు, కాస్ట్యూమ్‌తో చేస్తానంటే కుదరదు, అక్కడ చిన్నప్పటి నుంచీ అదే అలవాటు కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించదు. మనకు అది కుదరదు, కుదరాల్సిన పని కూడా లేదు. మనం చేసేది ఇట్లా: సబ్బు స్నానం పొద్దున ఇంట్లోనే. ఈత ఉన్న రోజుకు ముందురోజు రాత్రి తలస్నానం చేయించండి, ఆరోజు నూనె పెట్టకండి, మల్లెపూలు వద్దు, కాటుక వద్దు, గాజు గాజులు అసలే వద్దు. కాస్ట్యూమ్ యూనిఫాం లోపలే వేసి పంపండి, అక్కడికెళ్ళాక పైబట్టలు తీసి కాస్ట్యూమ్‌తోనే షవర్ కింద ఒక నిమిషం నిలబడి దిగుతారు. ఈత అయ్యాక మళ్ళీ కాస్ట్యూమ్‌తోనే ఒళ్ళు కడుక్కుని, టవల్ కప్పుకుని, గడియ ఉన్న గదిలోకి ఒక్కొక్కరే వెళ్ళి పొడిబట్టలు వేసుకుంటారు. అంటే ఒంటిమీద బట్ట లేకుండా ఉండేది గడియ వేసుకున్న ఆ రెండు నిమిషాలే. లోపలి పొడిబట్టలు సంచిలో పెట్టడం మాత్రం మర్చిపోకండి, ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరు మర్చిపోయి ఇంటిదాకా ఏడుస్తారు.

కాటన్ నైటీ, చుడీదార్, బనియన్, నిక్కరుతో దిగొచ్చా అని అడిగారు. దిగకూడదు. నూలు నీళ్ళు పీల్చుకుని బరువెక్కి పిల్లను కిందికి లాగుతుంది, దాని పోగులు ఫిల్టర్లో చిక్కుకుంటాయి. కానీ చేతులూ కాళ్ళూ పూర్తిగా కప్పే నైలాన్, లైక్రా కాస్ట్యూమ్‌లు ఇప్పుడు మన గాంధీ రోడ్డు వైపు షాపుల్లో అడిగినా దొరుకుతాయి. అవి వేసుకోవచ్చని కొలనువాళ్ళతో ముందే మాట్లాడాను. ఏ మతంవాళ్ళైనా, ఏ కారణానికైనా, కారణం లేకపోయినా సరే.

విరేచనాలు అవుతుంటే ఆ వారం పిల్లల్ని పంపకండి, దయచేసి దాచకండి. క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి ఒకటుంది, సరిగ్గా క్లోరిన్ వేసిన నీళ్ళలో కూడా వారం దాటి బతుకుతుంది. ఒక్కరి నుంచి క్లాసంతటికీ వస్తుంది.

పెద్దపిల్లల నెలసరి గురించి: "ఈరోజు దిగను" అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు, చీటీ రాసి పంపాల్సిన పని లేదు. మగపిల్లలకూ ఇదే వర్తిస్తుంది, ఎవరైనా ఏ రోజైనా గట్టు మీద కూర్చోవచ్చు. అప్పుడు కూర్చున్నవాళ్ళు ఎందుకు కూర్చున్నారో ఎవరూ ఊహించలేరు. మా లేడీ టీచర్ల ఆలోచన ఇది, నాకు భలే నచ్చింది.

ఫోన్లు. కొలను గేటు దగ్గర ఒక బుట్ట ఉంటుంది, టీచర్లవీ ఆయాలవీ కోచ్‌వీ అన్నీ అందులోకే, ఒక్క ఫోన్ మాత్రం ఎమర్జెన్సీ కోసం పీఈటీ సార్ దగ్గర గట్టు మీద ఉంటుంది. చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులూ అంతే. "మా వాడు ఈదుతున్న వీడియో గ్రూపులో పెట్టండి" అని ఇప్పటికే మెసేజీలు పెట్టినవాళ్ళకు ఇక్కడే చెప్తున్నా, పెట్టను. మీ వాడి వెనకాల ఇంకో నలుగురు పిల్లలు ఉంటారు, వాళ్ళు ఎవరి స్టేటస్‌లో తేలతారో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఒకరి శరీర రహస్య భాగాలను వాళ్ళ అనుమతి లేకుండా ఫోటో తీసినా పంపినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పిల్లలైతే పోక్సో కూడా తోడవుతుంది. పిల్లలకు కూడా క్లాసులో చెప్పాం: గదిలో ఎవరైనా ఫోన్ పట్టుకుని కనిపిస్తే, తలుపు కింద నుంచో పై నుంచో ఎవరైనా చూస్తే, అరిచి బయటికి వచ్చేయాలి, తెలిసినవాళ్ళైనా సరే. ఇంట్లో మీరూ ఒకసారి చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా నోటికి నేర్పండి.

మేం ఎంచుకున్న కొలనువాళ్ళతో కాగితం మీద రాయించుకున్నవి ఇవి. మన పిల్లలు ఉన్నంతసేపు బయటి పెద్దవాళ్ళు ఆ గదుల్లోకి రాకూడదు. ఆడపిల్లల గుమ్మం దగ్గర లేడీ టీచర్, మగపిల్లల గుమ్మం దగ్గర పీఈటీ సార్ ఉంటారు, లోపలికి వెళ్ళరు, పిలిస్తే వినపడేంత దూరంలో నిలబడతారు. సాయం కావాల్సిన పిల్లలకు ఎవరు తోడు వెళ్ళాలో ఆ పిల్లల తల్లిదండ్రులే చెప్పాలి, నేను నిర్ణయించను. లీటరు నీళ్ళకు కనీసం ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉందో లేదో, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉందో లేదో మనం వెళ్ళేముందు పరీక్షించి బోర్డు మీద రాయాలి. మొదటి వారాలు సైన్స్ టీచరే దగ్గరుండి చూస్తారు, ఆవిడ అట్లాంటివి వదలరు.

ఆడపిల్లల వైపు గడియలు బిగించారు, వెంటిలేటర్‌కు మసక అద్దం వేశారు, షవర్ల ముందు అడ్డుగోడ కట్టారు, నేను వెళ్ళి ప్రతి తలుపూ వేసి తీసి చూశాను. మగపిల్లల వైపు అడ్డాలు పెట్టారు కానీ తలుపులు ఇంకా రాలేదు. వచ్చేదాకా మగపిల్లల బ్యాచ్ మొదలుపెట్టను, ఎన్ని వారాలైనా సరే. "ఆడపిల్లలకు ముందు, మావాడికి తర్వాతా" అని అడిగేవాళ్ళు నన్ను అడక్కండి, కొలను ఆఫీసుకు వెళ్ళి తలుపులు ఎప్పుడొస్తాయని అడగండి, మీరు అడిగితే పని తొందరగా అవుతుంది.

ఇంకొకటి కూడా అడిగాను, వాళ్ళు చూద్దాం అన్నారు, అంటే చేయరని అర్థం. ఆదివారం నాన్న ఒక్కడే ఐదేళ్ళ పాపను తీసుకొస్తే ఎటు వెళ్ళాలి? మగవాళ్ళ వైపు తీసుకెళ్తే పాపకు ఇబ్బంది, ఆడవాళ్ళ వైపు ఆయన వెళ్ళలేడు, ఒక్కదాన్నే పంపితే జిప్పు రాదు, సబ్బు జారుతుంది. అమ్మ ఒక్కతే తొమ్మిదేళ్ళ కొడుకుతో వచ్చినా ఇదే తిప్పలు. దీనికి పెద్ద ఖర్చేం కాదు, బయటినుంచి నేరుగా తలుపు ఉండి లోపల గడియ ఉన్న ఒక్క గది, ఒక షవరు, బట్టలు తగిలించడానికి నాలుగు మేకులు. స్టోర్ రూమని పాత ట్యూబులూ విరిగిన కుర్చీలూ పడేసిన గది వాళ్ళ దగ్గరే ఒకటుంది, అదే చూపించి అడిగాను. ఇది మన బడి టైమ్‌కు సంబంధించింది కాదు కానీ ఆదివారాలు మీరే వెళ్తారు కదా, ఫిర్యాదుల పుస్తకంలో రాయండి. పదిమంది రాస్తే ఆ కుర్చీలు కదులుతాయి.

అంగీకార పత్రం పిల్లల డైరీలో అతికించాం. తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసి శుక్రవారంలోపు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. ఆస్తమా, మూర్ఛ, చెవిలో చీము లాంటివి ఉంటే అందులోనే రాయండి, టీచర్లు తప్ప ఎవరూ చూడరు. పంపడం ఇష్టం లేకపోతే "వద్దు" అని టిక్ పెట్టండి చాలు, ఆ గంట లైబ్రరీ తెరిచే ఉంటుంది.

కాస్ట్యూమ్ కొనేటప్పుడు మాత్రం వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని రెండు సైజులు పెద్దది కొనకండి. యూనిఫాంతో అది చెల్లుతుంది, నీళ్ళలో మొదటి దూకుడుకే జారిపోతుంది.

ఇట్లు,
మీ హెడ్ మేడమ్