మీ సియాటిల్ ఓచర్లు, మన పంచాయతీ ఖర్చులు

బావా,

అమెరికాలో మీ సియాటిల్ సిటీ వాళ్ళు ఎలక్షన్ కోసం ఇంటింటికీ పంపే ఓచర్లు, వాటి ఫోటో నువ్వు పంపావు గదా, మా నాయనకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏందిరా ఇది, ఎలక్షన్ డబ్బులు గవర్నమెంటే ఇంటికి పంపిస్తుందా? మధ్యలో లీడరు తినేసే బాధ లేదన్నమాట" అన్నాడు. అది మనం జేబులో వేసుకునే డబ్బు కాదు, నచ్చిన కేండిడేటుకు రాసివ్వాల్సిన కాగితం, దాని డబ్బు వాళ్ళ ప్రచారానికి సిటీ ఇస్తుంది అని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కోటి 25 డాలర్ల చొప్పున మనిషికి నాలుగు అన్నాను, ఊ కొట్టాడు. 2015లో అక్కడి జనమే ఓటేసి తెచ్చుకున్నారు అన్నాను, దానికీ ఊ కొట్టాడు. మొదటి పదేళ్ళు ఏడాదికి 30 లక్షల డాలర్లు ఆస్తి పన్ను నుంచే వచ్చేవి అనగానే లేచి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు.

నాకు మాత్రం అప్పటి నుంచి అదే ఆలోచన. మన ప్రెస్సుకు ఎలక్షనంటే పండగే గదా. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలప్పుడు రాత్రంతా మిషన్ ఆపలేదు. అప్పుడొక అక్క వచ్చింది, చంద్రగిరి వైపు ఒక పల్లె. పాల కేంద్రం చూసుకుంటుంది, డ్వాక్రా సంఘంలో లీడరు. సర్పంచ్‌కు నామినేషన్ వేసింది, కత్తెర గుర్తు వచ్చింది. వెయ్యి కరపత్రాలు ఎంతవుతుందని అడిగింది. చెప్పాను. కాసేపు లెక్క వేసుకుని ఐదొందలు చాలంది. కొంగు ముడి విప్పి అడ్వాన్సు ఇస్తూ, "కాగితానికైతే ఎట్లనో పెడతా అబ్బయ్యా, వెనక తిరిగేవాళ్ళకు పొద్దున టిఫిను, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం ఇంకోటి. దానికి ఎక్కడ తెచ్చేది?" అంది. వాళ్ళ ఊళ్ళో ఎదుటి మనిషి కూడా నా దగ్గరే అచ్చు వేయించాడు. ఆయన రేటు అడగనే లేదు.

పది వేలలోపు జనాభా ఉన్న ఊళ్ళో సర్పంచ్ అభ్యర్థి లక్షన్నరకు మించి ఖర్చు పెట్టకూడదు, ఫలితం వచ్చాక 45 రోజుల్లో లెక్క చూపించాలి. చూపిస్తారు కూడా. ఆ లెక్కలో నా బిల్లు కచ్చితంగా ఉంటుంది, ఎందుకంటే కరపత్రం మీద ప్రెస్సు పేరూ, అచ్చు వేయించినవాళ్ళ పేరూ వేయాల్సిందే. బిర్యానీ పొట్లం మీద ఎవరి పేరూ ఉండదు గదా!

సరే, మీ ఓచర్లు మన దగ్గర పెడితే? నువ్వు ఎగిరి గంతేస్తావుగానీ నాకు రెండు భయాలున్నాయి. ఒకటి, ఓచరు అమ్మడం, కొనడం అక్కడ నేరం అని రాశావు. ఇక్కడ ఓటుకు నోటివ్వడం నేరం కాదా ఏంటి? ఓచర్లు వచ్చిన సాయంత్రమే వీధి చివర ఎవడో కట్టలు కట్టుకుంటూ కూర్చుంటాడు. రెండోదే అసలు చిక్కు. ఎవరు ఎవరికి ఓచరిచ్చారో మీ ఊళ్ళో అందరూ చూడొచ్చన్నావు. సియాటిల్‌లో సరే. మన పల్లెలో ఆ జాబితా సచివాలయం గోడకు అంటిస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? ఓటు రహస్యం కాబట్టే అక్కకు కొంతమందైనా ధైర్యంగా వేశారు. పేరు బయటపడుతుందంటే పెన్షన్ తీసుకునే ముసలమ్మ ఎవరికి రాసిస్తుంది?

మన దేశంలో దీని గురించి ఆలోచించలేదని కాదు. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ ఎన్నికల ఖర్చు సర్కారే కొంత భరించాలంది. అదీ నగదుగా కాదు, వస్తువులుగా: కాగితం, పెట్రోలు, మైకులు, ఓటర్ల జాబితా కాపీలు, ఇట్లాంటివి. తెలివైన మాటే. కానీ గుర్తింపు పొందిన పార్టీలకే, ఇండిపెండెంట్లకు లేదంది. మన పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, కాగితం మీద అందరూ ఇండిపెండెంట్లే. ఆ లెక్కన మన అక్కకు వచ్చేది గుండుసున్నా.

ఇంకో తమాషా చూడు. పంచాయతీ ఎన్నికల్లో సర్కారు డబ్బు ఇప్పటికే ఉంది, పోటీ లేకపోతే ఇవ్వడానికి! 2021లో ఏకగ్రీవమైన పంచాయతీకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. ఊళ్ళో కొట్లాటలు తగ్గుతాయని చెప్పారు, నిజంగా తగ్గిన ఊళ్ళూ ఉంటాయి. కానీ "నువ్వు తప్పుకుంటే ఊరికి పది లక్షలొస్తాయి, నీవల్ల పోగొట్టుకోవాలా?" అని నలుగురు పెద్దమనుషులు ఇంటికొచ్చి కూర్చుంటే, ఆ అక్కలాంటి మనిషి ఏం సమాధానం చెప్తుంది? అదే ఏడాది పుంగనూరు మున్సిపాలిటీలో 31 వార్డులకు 31 ఏకగ్రీవమే. అక్కడ ప్రెస్సు పెట్టుకున్నవాడి గతి ఆలోచించు!

నేననేది, పోటీ లేని ఊరికి ఇచ్చే దాంట్లో పదో వంతు పోటీ ఉన్న ఊళ్ళో ఖర్చు పెట్టమని. ఎవరి చేతికీ రూపాయి ఇవ్వొద్దు. నామినేషన్ నిలిచిన వాళ్ళందరి ఫోటో, గుర్తు, చేయబోయే పనులు ఒకే కాగితం మీద వేసి ఇంటింటికీ పంచాలి. రచ్చబండ దగ్గర ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, అందరికీ ఒకే మైకు. మీ దగ్గర ఓచర్లు తీసుకున్నవాళ్ళు బహిరంగ చర్చలకు రావాల్సిందే అన్నావే, ఆ షరతు నాకు తెగ నచ్చింది. బిర్యానీలు దీంతో ఆగవు, నాకు తెలుసు. కాకపోతే డబ్బులేని మనిషి మాట కూడా ఊరంతా వింటుంది. అచ్చుపని మన ప్రెస్సుకు వస్తుందన్న స్వార్థం కూడా ఉందనుకో, దాచడమెందుకు.

అక్క ఓడిపోయింది. మళ్ళీ నిలబడుతుందట, మొన్న పాల డబ్బా మీద వేయించే స్టిక్కర్ల కోసం వచ్చి చెప్పింది. ఈసారి వాళ్ళాయన ఒప్పుకోవడం లేదంట, అప్పు ఇంకా తీరలేదని.

నువ్వు నాలుగు ఓచర్లూ ఒకడికే ఇచ్చావా, పంచావా? అది రాయలేదు. ఆ చర్చల వీడియో ఏదైనా ఉంటే పంపు, జనం వస్తారో, కుర్చీలే ఉంటాయో చూడాలి. చెల్లెమ్మను, పిల్లల్ని అడిగానని చెప్పు. ఈసారి వచ్చేటప్పుడు ముందే చెప్పేడువు, దర్శనం టికెట్లు చివరి నిమిషంలో నా వల్ల కాదు.

నీ బావ,
తిరుపతి