డిక్రీ కాపీ మీద ఆఖరి తేదీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

నిరుడు జూన్‌లో మా ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున కోర్టు కాగితాల కట్ట దొరికింది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. ప్రామిసరీ నోటు మీద ఇచ్చిన 2,40,000 రూపాయల కోసం వేసిన దావాలో 2014 ఫిబ్రవరిలో వచ్చిన డిక్రీ అది, అంటే బాకీ కట్టాలని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు. కేసు గెలిచామని ఆ రోజు ఇంటికొచ్చి చెప్పారు. డబ్బు రాలేదని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

వకీలు గారు ముందు తేదీ చూశారు. "ఇంకా ఎనిమిది నెలలుందమ్మా, బతికిపోయారు" అన్నారు. డబ్బు డిక్రీకి ఆయుష్షు 12 ఏళ్లేనని నాకు అప్పుడే తెలిసింది. 1963 నాటి లిమిటేషన్ చట్టం, ఆర్టికల్ 136. అప్పీలు ఆలస్యమైతే కారణం చెప్పి మన్నించమని అడగవచ్చట. డిక్రీ అమలు చేయించమని వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్‌కు, అదే ఈపీకి, ఆ వెసులుబాటు కూడా లేదు.

మా ఆయన 2016లో ఈపీ వేశారు. నోటీసు రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి బత్తా (నోటీసు పంపే ఖర్చు) కట్టలేదని 2018లో కొట్టేశారు. బాకీదారు ఇల్లు మారాడు మరి. మారింది మాకు రెండు వీధుల అవతలికే, అది వేరే సంగతి. గడువు లోపల ఇంకో ఈపీ వేసుకోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక అయిపోయిందనుకుని పెట్టెలో పడేసి ఉంటారు.

డిక్రీ ఆయన పేరున ఉంది కాబట్టి ఆ బాకీకి వారసురాలినని కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ నాకు కావాలన్నారు. అది చేతికి రావడానికి ఐదు నెలలు. రోజూ క్యాలెండర్ చూసుకోవడం, టెన్షన్. చివరికి డిసెంబర్‌లో ఈపీ పడింది.

జైల్లో పెట్టించు వదినా అంటాడు మా మరిది. పెట్టిస్తే అతని తిండి ఖర్చు మనమే కట్టాలి! పైగా, చేతిలో ఉండీ ఎగ్గొడుతున్నాడని చూపించాలి. ఉత్త పేదరికానికి జైలు కూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. అది న్యాయమే, కాదనను. కానీ ఉందో లేదో తేలేదెలా? డాబా ఎప్పుడో భార్య పేరున మారింది. ఆస్తుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వమని బాకీదారును కోర్టు ఆదేశించవచ్చు, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 41 ఉన్నది అందుకే. మేమూ అడిగాం. వాయిదా పడింది.

ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2025 మార్చిలో మళ్లీ చెప్పింది. ఆ అక్టోబరులో లెక్క తీస్తే దేశం మొత్తం మీద 8.82 లక్షలకు పైగా పెండింగ్. అందులో నాది లేదు. అప్పటికి నేనింకా సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నాను.

హైకోర్టుల వారికి నా విన్నపం ఒకటే. డిక్రీ కాపీ మొదటి పేజీ మీదే 'ఫలానా తేదీలోగా ఈపీ వేసుకోవాలి' అని తెలుగులో ముద్ర వేయించండి. ఈపీ కొట్టేసినప్పుడు, ఎంత గడువు మిగిలిందో వకీలుకే కాదు, డిక్రీదారుకూ ఒక మెసేజ్ పంపండి. వాయిదా తేదీలు ఎలాగూ ఫోన్‌కు వస్తున్నాయి కదా.

నా ఈపీ వాయిదా వచ్చే నెలలో ఉంది. ఈసారి నోటీసు తిరిగి రాకుండా బాకీదారు కొత్త అడ్రసు, వీధి మలుపుతో సహా, నేనే కాగితం మీద రాసి, నోటీసు అందించే కోర్టు ఉద్యోగి అమీను చేతికిచ్చాను.

- ఒక డిక్రీదారు భార్య