జౌగడ బండ మీద చెక్కని మాట

బరంపురం,
ఆదివారం

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. ఎప్పుడూ ఫోన్లో వాగేవాడివి, కాగితం కలం పట్టావంటేనే లోపల ఏదో కుదురుగా లేదని తెలిసిపోయింది. ఏం రాశాడ్రా అని అమ్మ అడిగితే, బాగానే ఉన్నాడట అని చెప్పి, మేడ మీదకి పోయి మళ్లీ చదివాను. జవాబు ఆలస్యమైందని కోపం పెట్టుకోకు. నువ్వడిగినవి ఒక్క పూటలో తేలేవి కావు.

గుజరాత్‌లో ఆ మరమగ్గాల దగ్గర 12 గంటల షిఫ్టు చేసి వచ్చి, ఇంకొకడు అప్పుడే లేచి డ్యూటీకి పోయిన చాప మీద, వాడి ఒంటి వేడి ఇంకా ఆరకముందే పడుకుంటున్నానన్నావు. చుట్టూ పడుకున్న మనుషులు నిజంగా ఉన్నారో, నా తలలో ఆడే బొమ్మలో తెలియడం లేదన్నావు. "నా నొప్పి నాకు తెలుసు. వాళ్లకీ నొప్పి ఉందని రుజువేదీ?" అని అడిగావు. ఇదేమీ పిచ్చి ప్రశ్న కాదు, భయపడకు. ఫ్రాన్సు దేశపు దెకార్త్ 1641లో అచ్చేసిన పుస్తకంలో అన్నిటినీ అనుమానిస్తూ పోయి, అనుమానించే నేను ఉన్నాను, ఇది మాత్రం ఖాయం అన్న చోట ముందు కాలు నిలదొక్కుకున్నాడు. మన దేశంలో అంతకు వెయ్యేళ్లు పైబడే ముందు బౌద్ధుల్లో వసుబంధు ఇదే దారిలో నడిచాడు. కలలో చూసిన వస్తువు బయట లేకపోయినా కనిపిస్తుంది కదా, మెలకువలో చూసేదీ అంతే ఎందుకు కాకూడదు అన్నాడు.

నాకు ముచ్చటేసింది ఏంటంటే, అదే సంప్రదాయంలో 7వ శతాబ్దంలో వచ్చిన ధర్మకీర్తి, పక్కవాడికి మనసుందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీదే ఒక గ్రంథం రాశాడు. ఆయన వాదం సూటిగా ఉంటుంది. నేను మాట్లాడే ముందు, చెయ్యి ఎత్తే ముందు నాలో ఒక సంకల్పం పుడుతుంది. ఎదుట కూడా మాటలు, కదలికలు కనిపిస్తున్నాయి. వాటి వెనక నా సంకల్పం లేదని నాకు తెలుసు. అయితే అది ఇంకెవరిదో అయి ఉండాలి. చూడు, బయట వస్తువులే లేవన్న బడిలో చదువుకున్నవాడు కూడా పక్కవాడి మనసును వదులుకోలేకపోయాడు! మళ్లీ 11వ శతాబ్దంలో రత్నకీర్తి వచ్చి, లోతుకి పోతే ఇంకొకరి మనసు ఉందని రుజువు చేయలేం అని ఆ వాదాన్ని కొట్టేశాడు. అంత పెద్దవాళ్ల మధ్యే తెగని పేచీ ఇది. నేను తెగ్గొడతానని నీకు చెప్పను. కానీ రుజువు దొరికాకే పక్కవాణ్ణి మనిషిగా లెక్కేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో కిందకి వచ్చాక చెప్తాను.

రెండో సంగతి. ఏం చెయ్యాలో మెదడు ముందే తేల్చేసుకుంటుందని, మనకి తర్వాత తెలుస్తుందని వీడియోలో చూశావట. నువ్వు చూసింది మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ చేసిన ప్రయోగం గురించి, 1983 నాటిది. మనుషుల తలకి తీగలు అతికించి, గుండ్రంగా తిరిగే చుక్కను చూస్తూ, బుద్ధి పుట్టినప్పుడు మణికట్టు కదపమన్నాడు. కదపాలని తోచిన క్షణంలో చుక్క ఎక్కడుందో చెప్పమన్నాడు. మెదడులో విద్యుత్ కదలిక చెయ్యి కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మొదలైంది. తోచడం మాత్రం సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. ఇంతే కదా, మనం ఉత్త కీలుబొమ్మలం అన్నావు నువ్వు. ఆ వీడియోవాడు చెప్పని ముక్క ఒకటుంది. లిబెట్ స్వయంగా ఆ మాట అనలేదు. తోచిన తర్వాత మిగిలే ఆ కాస్త వ్యవధిలో వద్దని ఆపుకోగలం అన్నాడు. 2012లో మెదడు మీదే పరిశోధన చేసే ఆరన్ షుర్గర్, ఆయనతో పనిచేసినవాళ్లు ఇంకో మాట చెప్పారు. మెదడులో ఎప్పుడూ ఏదో ఒక హెచ్చుతగ్గు నడుస్తూనే ఉంటుందట. అది ఒక గీత దాటినప్పుడు చెయ్యి కదులుతుంది. కాబట్టి ముందు కనిపించే ఆ పెరుగుదల అప్పటికే తేలిపోయిన నిర్ణయం కానక్కర్లేదు.

అదంతా పక్కన పెట్టు. మణికట్టు ఇప్పుడు కదిపినా, క్షణం ఆగి కదిపినా ఎవడికీ పోయేదేం లేదు. నువ్వు చేసింది అలాంటిది కాదు.

విధి గురించి రాసింది చదువుతుంటే మక్ఖలి గోసాలుడు గుర్తొచ్చాడు. బుద్ధుడి కాలం వాడు, ఆజీవకులనే సన్యాసుల గురువు. మనిషి ప్రయత్నం అనేదే లేదు, అంతా నియతి అన్నాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. నూలు ఉండ విసిరితే దారం ఉన్నంతవరకూ విప్పుకుంటూ పోయి ఆగినట్టు, మూర్ఖుడైనా పండితుడైనా జన్మలన్నీ తిరిగి తిరిగి చివరికి దుఃఖం నుంచి బయటపడతాడట, తొందరపెట్టడానికీ లేదు, ఆపడానికీ లేదు. ఈ సంగతి మా బాబాయికి చెప్పాను. ఆయన అప్పుడు మగ్గం గుంటలో కూర్చుని పడుగు సరిచేసుకుంటున్నాడు. తెగిన పోగు కొస వెతికి, వేళ్లు తడి చేసుకుని రెండు కొసలూ కలిపి నలిపాడు. ముడి కంటికి కూడా ఆనలేదు. "నూలు ఎక్కడైనా అంత సాఫీగా విప్పుకుంటుందిరా? చిక్కు పడుతుంది, తెగుతుంది. అతికేవాడు లేకపోతే చీర లేదు" అన్నాడు. ఆ అతకడం కూడా నియతిలోనే ఉంది అని గోసాలుడు అంటాడనుకో. అననీ. అతికే చెయ్యి మాత్రం బాబాయిదే. ఆయన ఆ పూట అతక్కుండా లేచిపోతే ఆ పోగు అలాగే ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో అది చివరి పేజీ అడుగున, మిగతా రాతకంటే చిన్న అక్షరాల్లో ఉంది. ఆ కుర్రాడు లూమ్ దగ్గర నిద్రపోయాడని రిజిస్టర్లో రాశావు. బట్ట తాను పాడైందని వాడి కూలి కోశారు. వారం తిరక్కుండా వాడు సంచి సర్దుకుని ఊరెళ్లిపోయాడు. లోపం మిషన్‌దని నీకు ముందే తెలుసని కూడా నువ్వే రాశావు. బావా, మిగతా పేజీలన్నీ ఈ నాలుగు వరుసల కోసమే రాశావని నాకు అనిపించింది. మిల్లీసెకన్ల లెక్క ఇక్కడ పనిచేయదు. "కాసేపు కూర్చుని ఆలోచించాను, సేఠ్ నన్నే తిడతాడనిపించింది" అని నీ చేత్తోనే ఉంది. నీ మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు. ఇంటికి పంపాల్సిన డబ్బు, చెల్లి పెళ్లి బాకీ, అన్నీ తెలుసు. నీ గురించి ఎవరైనా చెడుగా మాట్లాడితే ఆ కారణాలన్నీ నేనే ముందు చెప్తాను. కానీ నీ గురించి నువ్వు చెప్పుకునేటప్పుడు అక్కడే ఆగిపోకూడదు.

పురుషోత్తంపూర్‌లో పెళ్లివారికి చీరలు ఇచ్చి వస్తూ జౌగడ వెళ్లాను. రుషికుల్యా ఒడ్డున, అశోకుడి శాసనాలున్న బండ ఉంది చూడు, చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్లారు. రాయి పెచ్చులు లేచి చాలా అక్షరాలు పోయాయి. అప్పుడు మనకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, లక్షన్నరమందిని చెరపట్టి తరలించారని, అందుకు తనకెంతో బాధగా ఉందని అశోకుడు చెప్పుకున్నది 13వ శాసనంలో. అది నువ్వున్న గుజరాత్‌లో గిర్నార్ రాతి మీద ఉంది. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీలో ఉంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. కళింగలో మాత్రం లేదు. భువనేశ్వర్ దగ్గర ధౌలిలోనూ లేదు, జౌగడలోనూ లేదు. ఎవరి ఇళ్లు కాలాయో వాళ్లున్న చోట ఆ మాట చెక్కించలేదు. మానిన గాయం రేపడం ఎందుకని మానేశాడని కొందరు చరిత్రకారులంటారు. కావచ్చు. నాకు మాత్రం ఆ బండ ముందు నిలబడితే కడుపులో దేవినట్టయింది. ఊరందరికీ చెప్పుకున్న పశ్చాత్తాపం, చెప్పాల్సినవాళ్లకి చెప్పకపోతే అది ఎవరికోసం?

అయితే కళింగలో 11, 12, 13 శాసనాలు మూడూ వదిలేసి, వాటి చోట ఆయన వేరే రెండు చెక్కించాడు. మనుషులందరూ నా బిడ్డలే అన్నది వాటిలోనే. ఒకటి నగరంలో న్యాయం చూసే అధికారులకి. మీ తీర్పుల్లో అసూయ, కోపం, తొందరపాటు, సోమరితనం, అలసట చొరబడనీకండి అని హెచ్చరించాడు. అలసటను కూడా లెక్కలో వేశాడు చూడు, నీ 12 గంటల షిఫ్టు తెలిసినవాడిలా. ఆ శాసనాన్ని తిష్య నక్షత్రం, అంటే మన పుష్యమి రోజుల్లో చదివి వినిపించాలని, ఆ రోజుల మధ్యలో వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించవచ్చని రాయించాడు. రెండోది ఇంకా నచ్చింది నాకు. సరిహద్దుల్లో ఇంకా జయించని జనం, రాజు మా విషయంలో ఏమనుకుంటున్నాడో అని అనుకుంటూ ఉండొచ్చు, అంటూ మొదలెడతాడు. వాళ్లు నాకు భయపడకూడదు, క్షమించదగినంత వరకు క్షమిస్తానని వాళ్లకి తెలియాలి అంటాడు. ఎదుటివాడు నన్ను చూసి ఏం భయపడుతున్నాడో అని ఒక్కసారి ఆలోచించినవాడికి, ఎదుటివాడికి మనసుందా లేదా అన్న ప్రశ్న మిగలదురా. ఆ కుర్రాడికి నీ గురించి నీకు తెలియనిది ఒకటి తెలుసు. రిజిస్టర్లో తన పేరు పడ్డప్పుడు నీ ముఖం ఎలా ఉందో చూసింది వాడే. అది నీ తలలో ఎంత వెతికినా దొరకదు. పైన రుజువు గురించి ఒప్పుకోనన్నది ఇందుకే.

మా వీధిలో ఒక షావుకారు ఉండేవాడు, పేరు వద్దులే. చీర మీది గుడి అంచులో తప్పుంది అని చెప్పి బాబాయి చీర కూలి సగానికి కోశాడు. తప్పేమీ లేదు, అదే చీర పూర్తి ధరకి అమ్ముకున్నాడు. ముసలితనంలో మనసు పీకిందో ఏమో, పూరీ వెళ్లి అన్నదానం చేయించి వచ్చాడు. మా గుమ్మం మాత్రం తొక్కలేదు. బాబాయి ఒక్కటే అన్నాడు, "నా డబ్బు నాకియ్యకుండా జగన్నాథుడికి ఎందుకిచ్చాడు?" అని. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఆయన గొంతు మారిపోతుంది. ఆ షావుకారు చెడ్డవాడని నేననను. బాధపడ్డాడు, ఆ బాధ నిజమే. కానీ ఆ బాధలో మా బాబాయి లేడు, తానొక్కడే ఉన్నాడు.

నీకు నేను చెప్పేది ఇది. నీకు స్వేచ్ఛ ఉందో లేదో ఇంకో వెయ్యేళ్లు వాదించుకోనీ. ఆ కుర్రాడి ఊరు ఆస్కా పక్కనే అని రాశావు. నా బండి మీద వెళ్లి రావచ్చు. నీ తరఫున నేను వెళ్లి మాట్లాడను, అది మాత్రం అడక్కు. గుమ్మం దాకా తోడొస్తాను. ఎంత కోశారో లెక్క చూసి ఆ డబ్బు పట్టుకురా. మిషన్ సంగతి తెలిసీ రాశానని వాడి ముఖం చూసి చెప్పు. వాడు క్షమిస్తాడని నేను హామీ ఇవ్వలేను, తిట్టినా తిట్టొచ్చు, వాళ్ల అమ్మ తలుపు వేసెయ్యొచ్చు. అది వాళ్ల ఇష్టం. సేఠ్‌తో కూడా ఆ మిషన్ గురించి చెప్పే రా, లేకపోతే దాని దగ్గర ఇప్పుడు నిలబడ్డవాడికీ అదే గతి.

ఈ చైత్రంలో మన ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్ర ఉంది. దేశిబెహరా వీధిలో పందిళ్ల గురించి అప్పుడే మాటలు మొదలయ్యాయి. ఎలాగూ సెలవు పెడతావు కాబట్టి యాత్రకి రెండు రోజులు ముందే దిగు, ముందు ఆస్కా పని చూసుకుందాం. అమ్మ నీకోసం వడియాలు దాచింది. టికెట్ ఇప్పుడే తీసుకో, యాత్ర రోజుల్లో బెర్తులు దొరకవు.

నీ,
బరంపురం బావ