ముందు ఫ్లాస్కులో ఏముందో రాయి

అమ్మలూ,

ఆదివారం హాస్టల్ గేటు దగ్గర నువ్వు నా చేతిలో పెట్టిన కెమిస్ట్రీ టెస్టు పేపరు గుంటూరు వచ్చాక రాత్రి కూర్చుని మొత్తం చూశాను. వాళ్ళు ఇచ్చే కాస్త టైమూ అమ్మ తెచ్చిన అన్నం, గోంగూర పచ్చడి నీచేత తినిపించడానికే సరిపోయింది. ఇక అయానిక్ ఈక్విలిబ్రియం గురించి ఏం మాట్లాడతాం? ఫోన్లో చెప్పేదీ కాదు. అందుకే రాస్తున్నాను. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని చదువు.

"నాకు కెమిస్ట్రీ రాదు నాన్నా" అన్నావు. పేపరు చూస్తే నాకలా అనిపించలేదు. కూడికలూ తీసివేతలూ సరిగ్గా ఉన్నాయి, లాగ్ విలువలు సరిగ్గా ఉన్నాయి. ఇబ్బందంతా ఒక్కచోటే వస్తోంది. ప్రశ్న చదవగానే ఏ ఫార్ములా పెట్టాలా అని వెతుక్కుంటున్నావు. ఫ్లాస్కులో ఇప్పుడు ఏం మిగిలి ఉందో చూడడం లేదు.

ఆ టైట్రేషన్ ప్రశ్నే తీసుకో. 0.1 మోలార్ ఎసిటిక్ యాసిడ్ 50 మిల్లీలీటర్లు ఉంది. అందులో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 25 మిల్లీలీటర్లు పోశారు. పీహెచ్ ఎంత? నువ్వు వీక్ యాసిడ్ అనగానే వర్గమూలం ఫార్ములా పెట్టి 2.87 తెచ్చావు. అది ఒక్క చుక్క క్షారం కూడా పడకముందు ఉండే పీహెచ్. వాళ్ళు పోసిన 25 మిల్లీలీటర్లు ఏమైనట్టు?

ఇలా చెయ్యి. ముందు మిల్లీమోల్స్ రాయి. యాసిడ్ 5, క్షారం 2.5. హైడ్రాక్సైడ్ అయాన్ కనబడితే ఎసిటిక్ యాసిడ్ ఊరుకోదు. ఆ చర్యకు ఈక్విలిబ్రియం స్థిరాంకం ఎంతో నువ్వే వేసుకోవచ్చు. ఎసిటిక్ యాసిడ్ కేఏ, అంటే అది నీళ్ళలో ఎంత విడిపోతుందో చెప్పే స్థిరాంకం, 1.8 × 10⁻⁵. దాన్ని నీళ్ళ స్థిరాంకం 10⁻¹⁴ తో భాగిస్తే 1.8 × 10⁹. అంత పెద్ద అంకె వచ్చిందంటే ఆ చర్య దాదాపు పూర్తిగా జరిగిపోయిందనే అర్థం, అక్కడ ఈక్విలిబ్రియం లెక్క అక్కర్లేదు, తీసివేత చాలు. 2.5 యాసిడ్ మిగిలింది, 2.5 ఎసిటేట్ పుట్టింది. రెండూ సమానం కాబట్టి పీహెచ్ అంటే పీకేఏనే (కేఏ లాగ్‌కి మైనస్ గుర్తు పెడితే వచ్చేది), 4.74. పెన్ను కదిలించే పనే లేదు.

అదే ప్రశ్న రెండో భాగంలో 50 మిల్లీలీటర్లు పోస్తే 7 అని రాశావు. న్యూట్రలైజ్ అయింది కదా, 7 ఉండాలనుకున్నావు. మళ్ళీ ఫ్లాస్కులోకి చూడు. యాసిడ్ లేదు, క్షారం లేదు, 100 మిల్లీలీటర్లలో 5 మిల్లీమోల్స్ సోడియం ఎసిటేట్ ఉంది. అంటే 0.05 మోలార్. ఎసిటేట్ ఒక బలహీన క్షారం, నీళ్ళ నుంచి కాస్త ప్రోటాన్ లాక్కుంటుంది. లెక్క వేస్తే 8.72 వస్తుంది. ల్యాబ్‌లో ఈ టైట్రేషన్‌కి రంగు సూచికగా మీ లెక్చరర్ మిథైల్ ఆరెంజ్ వద్దని ఫినాఫ్తలీన్ వాడమనేది ఇందుకే. మిథైల్ ఆరెంజ్ 4.4 దాటేసరికే రంగు మారిపోయి ఉంటుంది, అప్పటికి యాసిడ్‌లో ఇంకా సగానికి పైగా మిగిలే ఉంటుంది. 60 మిల్లీలీటర్లు పోస్తే? ఎసిటేట్ సంగతి వదిలెయ్. మిగిలిపోయిన ఆ 1 మిల్లీమోల్ హైడ్రాక్సైడ్‌దే రాజ్యం, పీహెచ్ 11.96. చూశావా, ఒకే ఫ్లాస్కు, నాలుగు చోట్ల నాలుగు లెక్కలు. ఏ లెక్క అన్నది ప్రశ్నలో మాటలు చెప్పవు, మిగిలిన సరుకు చెబుతుంది.

25 మిల్లీలీటర్ల దగ్గర వచ్చినట్టు, పీహెచ్‌ని పెద్దగా కదలనివ్వని మిశ్రమమే బఫర్. ఆ బఫర్ ఫార్ములా అంటే నీకెందుకంత టెన్షనో నాకు అర్థం కావడం లేదు. హెండర్సన్ 1908లో దాన్ని రాసుకున్నది పరీక్షల కోసం కాదు, మనిషి రక్తంలో యాసిడ్ ఎందుకు పెరిగిపోదో తెలుసుకోవాలని. తర్వాత హాసెల్‌బాల్క్ దాన్ని లాగ్ రూపంలోకి మార్చాడు. కేఏ నిర్వచనాన్ని అటూ ఇటూ తిప్పితే వచ్చేదే అది. మర్చిపోయినా రెండు లైన్లలో మళ్ళీ తెచ్చుకోవచ్చు.

నీళ్ళు పరీక్షించే నా పనిలో నాకు బఫర్ లేనిదే రోజు గడవదు. బోరు నీళ్ళ శాంపిల్ వస్తే హార్డ్‌నెస్, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చూడడానికి 50 మిల్లీలీటర్లు తీసుకుని, అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడ్ కలిపిన బఫర్ వేసి పీహెచ్ 10కి తెస్తాం. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు సూచిక వేస్తే నీళ్ళు ద్రాక్షరంగు ఎరుపులోకి వస్తాయి. బ్యూరెట్ నుంచి ఆ లోహాలను పట్టుకునే ఈడీటీఏ పడుతుంటే ఎరుపు పలచబడి, ఊదాలోకి జారి, ఆఖరి చుక్కకి తేట నీలం అవుతుంది. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టుకున్నప్పుడల్లా హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. వాటిని మింగేవాళ్ళు లేకపోతే పీహెచ్ పడిపోతుంది, పట్టు సడలుతుంది. మరీ పైకి పోనిచ్చినా మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా అడుగున కూర్చుంటుంది. బఫర్ సీసా మూత సరిగ్గా పెట్టకపోతే అమ్మోనియా ఎగిరిపోతుంది, ఆ రోజు ఎండ్ పాయింట్ నీలం అనాలో ఊదా అనాలో తేలదు. తాగే నీళ్ళలో హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఆ అంకె కింద సంతకం పెట్టేటప్పుడు నేను నమ్ముకునేది ఆ బఫర్‌నే. నువ్వు కాగితం మీద చేసే లెక్క నాకు రోజూ గాజుసామానులో కనిపిస్తుంది. అది నీకూ కనబడాలని నా ఆశ.

ఇంకొకటి. జవాబు వచ్చాక ఒక్క క్షణం ఆగి దాన్ని చూడు. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పీహెచ్ 8 అని రాశావు. నీళ్ళలో యాసిడ్ కలిపితే అది క్షారం ఎలా అవుతుందమ్మా? నీళ్ళలో ముందే 10⁻⁷ ఉంది, దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 6.98 వస్తుంది. వర్గమూలం షార్ట్‌కట్ కూడా అలాగే. 0.1 మోలార్‌లో ఎసిటిక్ యాసిడ్ విడిపోయేది 1.3 శాతమే, కాబట్టి చెల్లుతుంది. 0.001 మోలార్ ఇస్తే అదే షార్ట్‌కట్ 13 శాతం అని చూపిస్తుంది. 5 శాతం దాటిందంటే క్వాడ్రాటిక్ చేయాల్సిందే, బద్ధకించకు.

రోజుకి నలభై ప్రశ్నలు చేయమంటున్నారని చెప్పావు. మీ సార్ల లెక్క వాళ్ళకుంటుంది, కాదనను. కానీ రాత్రి స్టడీ అవర్‌లో ఒక్క ప్రశ్న మాత్రం నా కోసం నిదానంగా చెయ్యి. ఈవారం ఇది చెయ్యి: 0.1 మోలార్ ఫాస్ఫారిక్ యాసిడ్ 100 మిల్లీలీటర్లు, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 150 మిల్లీలీటర్లు. పీకేఏలు 2.1, 7.2, 12.3. మొదటి ప్రోటాన్ మొత్తం పోయాకే రెండోది కదులుతుంది, అంతే గుర్తుపెట్టుకో. క్యాలిక్యులేటర్‌తో పనిపడదు. జవాబు ఒక్కటే కాదు, ఫ్లాస్కులో ఏమేం మిగిలాయో కూడా రాసి ఉంచు, ఆదివారం చూస్తాను.

అమ్మ కందిపొడి, కాస్త నెయ్యి సర్దుతోంది. తమ్ముడు నీ పాత రికార్డు పుస్తకం అడుగుతున్నాడు, ఎక్కడ పెట్టావో చెప్పు. రాత్రి పన్నెండు దాటాక మేలుకోవద్దు.

ఆశీస్సులతో,
నాన్న