మూత మీద పేరు చూసి మోసపోకు

ఒరే సూరీ,

ఇక్కడ పర్లాకిమిడిలో ముసురు పట్టింది, కరెంటు వస్తూ పోతూ ఉంది, అందుకే ఫోన్లో గొణక్కుండా తీరిగ్గా రాస్తున్నాను. మీ తాతగారి పెన్ను "పాత మద్రాసు కంపెనీది, మళ్ళీ దొరకదు" అని ఆ బేరగాడు అన్నాడంటే నమ్మెయ్యకు. దాని మీదున్నది స్టేషనరీ షాపు పేరురా. 1936 దాకా మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, అక్కడి షాపు పెన్ను ఇక్కడి ప్లీడరు జేబులోకి రావడంలో వింతేముంది?

అప్పట్లో షాపులవాళ్ళు పెన్నులు తయారుచేసేవాళ్ళు కాదు, ఫ్యాక్టరీకి ఆర్డరిచ్చి తమ పేరు కొట్టించుకునేవాళ్ళు. బరంపురం పట్టుచీర పెట్టె మీద కొట్టు పేరే ఉంటుంది, నేతగాడి చెయ్యి మాత్రం అంచులో తెలుస్తుంది చూడు, అలాగన్నమాట. ఇంగ్లండులో లెస్టర్‌లోని వైవర్న్ కంపెనీ ఇలా ఎందరి పేర్ల మీదో పెన్నులు చేసింది. పెద్ద కంపెనీలు కూడా తక్కువ ధర సరుక్కి వేరే పేరు పెట్టేవి: అమెరికాలో వాస్ప్ అని ఒక పెన్ను ఉండేది, డబ్ల్యు.ఎ. షీఫర్ పెన్ అనే మాటల మొదటి అక్షరాలే అవి, ఇంకేం దాచినట్టు!

కాబట్టి పేరు పక్కన పెట్టి లీవరు చూడు, అంటే ఇంకు ఎక్కించడానికి గొట్టం పక్కన లేపే చిన్న మీట. దాని చుట్టూ చిన్న లోహపు చట్రం ఉంటే వాటర్‌మన్ కంపెనీ పద్ధతి. చట్రం లేకుండా, గొట్టానికి రెండు పక్కలా సూదిమొనంత చుక్కలు కనిపిస్తే అడ్డంగా పిన్ను గుచ్చారని అర్థం, అలా చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. లీవరే లేకుండా వెనక మూత విప్పితే బొత్తాం కనిపిస్తే అది పార్కర్ తరహా, పార్కరే అని కాదు.

పాళీ సంగతి మరీ జాగ్రత్త. "వారంటెడ్ 14 క్యారెట్" అని మాత్రమే ఉంటే అది బయట కొని బిగించిన పాళీ, పెన్ను ఎవరిదో అది చెప్పదు. "ఇరిడియం పాయింట్ జర్మనీ" అని ఉన్నా పెన్ను జర్మనీది అనుకోకు. పైగా పాళీ విరిగితే దొరికింది పెట్టి వాడుకున్న ఇళ్ళు మనవి.

ఇంకో చిక్కు మన రాజమండ్రి పెన్నులతో. రత్నం పెన్నుల మీద కొన్నవాళ్ళ పేర్లే చెక్కించుకునేవాళ్ళు, అంచేత పెన్ను మీద "సూర్యనారాయణ" అని కనిపిస్తే అది కంపెనీ అనుకునే మహానుభావులూ ఉన్నారు.

నేను నమ్మేది గొట్టం మీద అరిగిపోయిన అక్షరాల్ని. మొన్న ఒక నల్ల పెన్ను మీద కంటికి ఏమీ ఆనలేదు. చాక్‌పీసు పొడి వేలితో రాసి, పైపైన తుడిచి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే "మేడ్ ఇన్ ఇంగ్లండ్" తెల్లగా తేలింది. అందుకే చెబుతున్నా, మెరుస్తుందని పశువుల కొమ్ముతో వస్తువులు చేసే మా ఊరి పనివాళ్ళ చేత పాలిష్ పట్టించావో, ఆధారమంతా పోతుంది. నల్లది గోధుమరంగుకి తిరిగి, బొటనవేలితో గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తే ఎబొనైట్, అంటే గట్టిపరిచిన రబ్బరు. కర్పూరం వాసనైతే సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్, సూది కాల్చి పరీక్షలు చేశావంటే భగ్గుమంటుంది, తర్వాత నన్ననకు.

ఒక్క గుర్తు కలిస్తే చాలదు. లీవరూ, క్లిప్పూ, మూత మరలూ మూడూ ఒకే ఫ్యాక్టరీని చూపిస్తేనే నేను పేరు చెబుతాను, లేకపోతే "ఇంగ్లండు పెన్ను" అని ఆగిపోతాను. బేరగాళ్ళకి ఇది నచ్చదు, పేరు తగిలిస్తేనే కదా ధర లేచేది.

లీవరుకి దగ్గరగా, క్లిప్పు మొదలుకి, పాళీకి రెండువైపులా ఫోటోలు తీసి పెట్టు. లోపలి రబ్బరు తిత్తి గట్టిపడి ఉంటుంది, లీవరు లాగకు. అప్పటిదాకా బేరం ఆపు, అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగిచ్చెయ్.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రాంబాబు