పొరపాటు అంటే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

అమెరికా సైన్యం వెళ్లిపోయాక అఫ్గానిస్థాన్ మన పేపర్లలో బాగా తగ్గిపోయింది. వస్తే తాలిబన్ల ఆంక్షల వార్త, లేకపోతే క్రికెట్. ఇరవై ఏళ్ల యుద్ధంలో అక్కడి మామూలు జనం ఎంతమంది పోయారు, ఆ చావులకు ఎవరు జవాబు చెప్పారు అని అడిగేవాళ్లు లేరు. బ్రౌన్ యూనివర్సిటీ లెక్క ప్రకారం 2001 నుంచి 2021 దాకా నేరుగా యుద్ధంలో చనిపోయిన పౌరులే 46 వేల మందికి పైగా. తిండి లేక, వైద్యం అందక పోయినవాళ్లు ఈ లెక్కలోకి రారు.

2021 ఆగస్టు 29 సంగతే చూడండి. కాబూల్‌లో ఒక సహాయ సంస్థ ఉద్యోగి ఆఫీసులో క్యాన్ల నిండా నీళ్లు పట్టుకుని తన తెల్ల టయోటా కరోలాలో ఇంటికొచ్చాడు. కారు వాకిట్లోకి రాగానే పిల్లలు ఎదురు పరిగెత్తారు. పైన డ్రోన్ నుంచి రోజంతా వెంటాడుతున్న అమెరికా సైన్యం వాళ్లకు ఆ నీళ్ల క్యాన్లు పేలుడు పదార్థాల్లా కనిపించాయట, క్షిపణి వేశారు. పదిమంది చనిపోతే అందులో ఏడుగురు పిల్లలు. ఐఎస్ (ఇస్లామిక్ స్టేట్) ఉగ్రవాదుల ముప్పును తప్పించామని ప్రకటించారు, సైన్యాధిపతి మార్క్ మిల్లీ అది న్యాయమైన దాడేనని వెనకేసుకొచ్చారు కూడా. విలేకరులు ఆ వీధికి వెళ్లి, కెమెరా వీడియోలు సంపాదించి అసలు సంగతి బయటపెట్టాక, సెప్టెంబరు 17న అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ పొరపాటు ఒప్పుకుంది. డిసెంబరులో, ఎవరికీ శిక్ష ఉండదని తేల్చేసింది.

అంతకుముందు 2015 అక్టోబరు 3న కుందుజ్ నగరంలో ఇంకా ఘోరం. డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ అనే వైద్య సేవా సంస్థ వాళ్లు తమ ఆస్పత్రి ఎక్కడుందో ముందే సైన్యానికి తెలియజేశారు, దాడి నడుస్తుండగా కాబూల్‌కీ వాషింగ్టన్‌కీ ఫోన్లు చేశారు, అయినా అమెరికా విమానం దాదాపు గంటసేపు కాల్చింది. ఐసీయూలో మంచాల మీదున్న రోగులు ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు. మొత్తం 42 మంది. పదహారు మంది సైనికుల మీద శాఖాపరమైన చర్యలు తీసుకున్నారు, క్రిమినల్ కేసు ఒక్కటీ లేదు. చనిపోయిన మనిషికి 6 వేల డాలర్లు, గాయపడితే 3 వేలు ఇచ్చారు.

అమెరికాను తిట్టి ఊరుకుంటే అన్యాయమే. ఐక్యరాజ్యసమితి నివేదికలు చూస్తే ఎక్కువమంది పౌరులు బలైంది తాలిబన్లు, ఐఎస్ లాంటి ముఠాల చేతుల్లోనే. 2020 మేలో కాబూల్‌లోని దష్త్-ఎ-బర్చీలో ప్రసూతి వార్డులోకి చొరబడి బాలింతలను, కాన్పుకు వచ్చినవాళ్లను వెతికి వెతికి కాల్చారు, ఏడాది తిరగకముందే అదే ప్రాంతంలో బడి గేటు దగ్గర బాంబులు పెట్టి 80 మందికి పైగా చంపారు, ఎక్కువమంది ఆడపిల్లలే. ఇప్పుడు ఆ తాలిబన్లే పాలకులు, ఇక పాత దాడుల మీద విచారణ ఎవరు జరుపుతారు?

2008 జులై 7న కాబూల్‌లో మన ఎంబసీ గేటు దగ్గర పేలిన కారు బాంబు మన తెలుగువాడైన దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు గారిని పొట్టనపెట్టుకుంది. ఆయన్ను గుర్తుంచుకున్నాం, గుర్తుంచుకోవాలి కూడా. కానీ ఆరోజు పోయిన 58 మందిలో చాలామంది అఫ్గాన్లే, మన దేశం రావడానికి వీసా కోసం వచ్చి నిలబడినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల గురించి మనకేం తెలుసు?

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అన్ని పక్షాల నేరాల మీదా దర్యాప్తుకు 2020 మార్చిలో అనుమతిచ్చింది. మరుసటి ఏడాది ప్రాసిక్యూటర్ కరీం ఖాన్ తాలిబన్, ఐఎస్ కేసులకే ప్రాధాన్యం అని, అమెరికా సైన్యం మీదున్నవాటితో సహా మిగతావి పక్కకు నెట్టారు. అంటే కుందుజ్ కుటుంబాలు ఏ గడప ఎక్కాలో ఎవరూ చెప్పరు.

మీ పేపరును అడిగేది ఒకటే. ఏ దేశ సైన్యమైనా సరే, ఉగ్రవాదులను మట్టుబెట్టాం అని చెప్పగానే దాన్ని జరిగిన సంగతిలా హెడ్డింగ్ పెట్టకండి, ఫలానా సైన్యం చెబుతోంది అని రాయండి. తర్వాత చచ్చింది పిల్లలని తేలితే, ఆ వార్తను లోపలి పేజీలో రెండు ముక్కల్లో ముగించకుండా, మొదటి వార్త ఎక్కడ వేశారో అక్కడే, అంతే పెద్దగా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఖమ్మం