రెక్క తగిలిస్తే వేగం రాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విమానంలా పక్కలకు రెక్కలున్న హెలికాప్టర్ల మీద వచ్చిన కథనం ఆసక్తిగా ఉంది గానీ, ‘రెక్కలు పెట్టడంతో వేగం పెరిగింది’ అన్న మాట సరికాదు. ఉత్త రెక్కలు పెడితే పెరిగేది బరువే.

వేగానికి అడ్డం రోటరే, అంటే పైన గిర్రున తిరిగే బ్లేడ్ల చక్రం. బ్లేడు కొస సెకనుకు 220 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకుందాం. హెలికాప్టర్ గంటకు 400 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 111 మీటర్లతో పోతుంటే, ఎదురొచ్చే బ్లేడు కొసకు గాలి 331 మీటర్ల వేగంతో తగులుతుంది. ధ్వనివేగానికి వెంట్రుకవాసి తక్కువ. వెనక్కి పోయే బ్లేడు కొసకు తగిలేది 109 మీటర్లే. లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, గాలి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది గనక, ఒకే కోణంలో ఉంచితే తేడా తొమ్మిది రెట్లు! పైగా వెనక్కి పోయే బ్లేడులో మొదలు వైపు సగానికి గాలి తిరగేసి, వెనక అంచు నుంచి తగులుతుంది. కోణం పెంచి సర్దబోతే బ్లేడు స్టాలవుతుంది, అంటే దాని లిఫ్ట్ పడిపోతుంది, హెలికాప్టర్ మొత్తం వణుకుతుంది.

రెక్క బరువులో కొంత మోస్తే రోటర్‌ను నెమ్మదించే వీలు చిక్కుతుంది. ముందుకు నడిపే పని ప్రొపెల్లర్లు చూసుకోవాలి. యూరోకాప్టర్ ఎక్స్3 అనే ప్రయోగాత్మక హెలికాప్టర్ 2013 జూన్‌లో గంటకు 472 కిలోమీటర్లు అందుకున్నది ఈ మూడూ కుదిరాకే. దానికి తోక రోటర్ లేదు. రెండు ప్రొపెల్లర్ల లాగుడులో తేడాయే హెలికాప్టర్ గిర్రున తిరగకుండా ఆపుతుంది.

నెమ్మదించడమూ తేలిక కాదు. బ్లేడును బిగువుగా ఉంచేది అపకేంద్ర బలం. చుట్లు 15 శాతం తగ్గితే ఆ బలం 28 శాతం పడిపోతుంది, బ్లేడు కిందా మీదా ఎక్కువ ఊగుతుంది.

గాలిలో నిలిచినప్పుడు మరో తంటా. రోటర్ కిందికి కొట్టే గాలి రెక్క వీపున పడి తిరిగి కిందికే నొక్కుతుంది. 2024 ఏప్రిల్ 25న తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ రేసర్ హెలికాప్టర్‌లో అందుకే ఒక్క వెడల్పాటి రెక్క కాకుండా, పక్కకు రెండేసి సన్నటివి పెట్టి కొసల దగ్గర కలిపారు. ప్రొపెల్లర్లు రెక్కల వెనక ఉండటంతో ఎక్కేవాళ్లకు రెక్కలే కంచె.

కథనం అసలు తాకనిది ఇంజిన్ ఆగితే ఏమవుతుందన్నది. మామూలు హెలికాప్టర్‌లో కింది నుంచి వచ్చే గాలే రోటర్‌ను తిప్పుతుంది. ఇక్కడ రెక్క బరువు మోస్తున్నంతసేపు ఆ గాలి చాలదు, చుట్లు పడిపోతాయి. పైలట్ ముక్కు ఎత్తి, వేగం తగ్గించి, బరువును మళ్లీ రోటర్ మీదికి తేవాలి.

బ్రిటన్‌లో తయారైన రెక్కల హెలికాప్టర్ రోటోడైన్, కథనంలో అన్నట్టు ‘వేగం చాలక’ మూలపడలేదు. 1959లో వంద కిలోమీటర్ల వలయంలో అది గంటకు 307 కిలోమీటర్ల రికార్డు పెట్టింది. బ్లేడు కొసల్లో ఇంధనం మండించే జెట్ల మోత దానికి పెద్ద అడ్డంకైంది. 1962లో బ్రిటన్ ప్రభుత్వం డబ్బు ఆపేసింది.

కథనంతో వేసిన ఫొటో అమెరికా సైనిక విమానం ఆస్ప్రేది. అందులో రోటర్లే ముందుకు వాలి ప్రొపెల్లర్లవుతాయి. దాన్ని టిల్ట్‌రోటర్ అంటారు, ఈ కోవలోది కాదు. ఫొటో కింది వ్యాఖ్య సవరించగలరు.

— ఏరోనాటికల్ ఇంజినీరింగ్ అధ్యాపకులు, హైదరాబాద్